సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు: ఐడ్లింగ్‌లో వణుకు, రెండో సిలిండర్ మిస్సింగ్, హెడ్ దించాలంటున్నారు

కాజీపేట_పోరడు
అందరికీ నమస్తే. నెలన్నర కింద ఒక 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు, మీటర్‌లో 78 వేల కిలోమీటర్లు. హన్మకొండలో తెలిసినవాళ్ల ద్వారా వచ్చింది, ట్రయల్ చూసినప్పుడు ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది, అది అప్పుడు పట్టించుకోలేదు. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణికింది, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు అదురుతున్నాయి, సైలెన్సర్ దగ్గర పుట్ పుట్ మని ఒక దెబ్బ తప్పిపోతున్నట్టు శబ్దం. రెండు మూడు నిమిషాలు అయ్యాక కొంచెం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడితే ఆర్‌పీఎం ముల్లు 600కీ 850కీ మధ్య ఊగుతుంది. విచిత్రం ఏమిటంటే హైదరాబాద్ రోడ్డు మీద 70, 80లో పోతుంటే ఏ ఇబ్బందీ లేదు, వెన్నలా పోతుంది. మైలేజ్ మాత్రం 11 దాటడం లేదు. చెక్ ఇంజన్ లైటు వెలిగింది.

ఒక మెకానిక్‌కు చూపిస్తే రోడ్డు మీదే చెవి పెట్టి విని, వాల్వులు పోయాయి, హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) దించాలి, 25 వేలు అవుతుందన్నాడు. మా నాన్నను నెలకు రెండుసార్లు హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అందుకే అప్పు చేసి ఈ బండి కొన్నాను. ఇప్పుడు ఇంకో 25 వేలంటే చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగా హెడ్ దించాల్సిందేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_స్టీరింగ్
భయపడకు బ్రదర్. నేను పదకొండేళ్లుగా క్యాబ్ నడుపుతున్నా, ఇది నూటికి తొంభై ప్లగ్గులూ, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్సే. నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిల్స్ కొత్తవి వేయించు, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే మూత) క్లీన్ చేయించు, ఎయిర్ ఫిల్టర్ మార్పించు. అన్నీ కలిపి పది వేలలోపు అయిపోతుంది, హెడ్ జోలికి పోవద్దు.

జమ్మికుంట_స్పానర్
తమ్మీ, ముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకు. హెడ్డూ వద్దు, నాలుగు కాయిల్సూ వద్దు. నాకు గ్యారేజీ ఉంది, ఇలాంటి బండ్లు వారానికి రెండు వస్తాయి, సగం మంది అప్పటికే సామాన్లన్నీ మార్చేసి వస్తారు, జబ్బు అక్కడే ఉంటుంది.

లైటు వెలిగిందన్నావు, కోడ్ ఎంత వచ్చింది? స్కానర్ పెట్టకుండా చెవితో వాల్వులు పోయాయని చెప్పడం కుదరదు. లైటు నిలకడగా వెలుగుతుందా, ఆరుతూ వెలుగుతుందా? ఏసీ వేస్తే ఎక్కువవుతుందా? నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 2000 దగ్గర పట్టుకుంటే వణుకు పోతుందా, ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలా ముఖ్యం, పోతే ఒక దారి, పోకపోతే ఇంకో దారి.

కాజీపేట_పోరడు
అన్నా, ఈరోజు ఇంకో షాపులో 300 ఇచ్చి స్కాన్ చేయించాను. రెండు కోడ్లు వచ్చాయి, పి0302, పి0171. లైటు మామూలుగా నిలకడగానే ఉంటుంది, కానీ మొన్న పొద్దున చల్లటి ఇంజన్‌తో ఫాతిమానగర్ దగ్గర బ్రిడ్జి ఎక్కుతుంటే కొన్ని సెకన్లు ఆరుతూ వెలిగింది. ఏసీ వేస్తే వణుకు ఎక్కువ. 2000 దగ్గర పట్టుకుంటే దాదాపు పూర్తిగా పోతుంది.

జమ్మికుంట_స్పానర్
పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే దాని వంతుకు మండడం లేదు. చివరి అంకె సిలిండర్ నంబరు, టైమింగ్ చైన్ వైపు నుంచి లెక్క. ఏ సిలిండరో తేలకుండా అన్నిట్లో అక్కడక్కడా మిస్ అయితే పి0300 అని వస్తుంది. పి0171 అంటే మిశ్రమం లీన్‌గా ఉందని, అంటే పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందని కంప్యూటర్ అంటోంది. కంప్యూటర్ మిస్‌ఫైర్‌ను ఎలా పట్టుకుంటుందంటే క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) దగ్గరి సెన్సార్ చూస్తుంది, ప్రతి సిలిండర్ మండినప్పుడు క్రాంక్ ఒక చిన్న తోపు అందుకుంటుంది, ఆ తోపు రానిచోట వేగం తగ్గుతుంది, ఏ సిలిండర్ వంతుకు తగ్గిందో అది రాసుకుంటుంది. అంటే రెండో సిలిండర్ మండలేదని మాత్రమే దానికి తెలుసు, ఎందుకు మండలేదో దానికి తెలియదు. అది వెతకాల్సింది మనం.

లైటు ఆరుతూ వెలగడం అంటే మండని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని హెచ్చరిక. అది కనిపించగానే కాలు తీసేయి, మెల్లగా పోయి పక్కకు ఆపు. కన్వర్టర్ పోతే ఇప్పుడు చెప్పిన 25 వేలు చిన్నగా కనిపిస్తాయి.

రేపు పొద్దున చేయాల్సిన పని, డబ్బు అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో దాంట్లో పెట్టు, మూడో దాన్ని రెండులో పెట్టు. ఒక్కోదానికి ఒక 10 నంబరు బోల్టు, ఒక కనెక్టర్ ఉంటాయి. కనెక్టర్ లాక్ ప్లాస్టిక్ పాతబడి ఉంటుంది, బలవంతం చేస్తే విరుగుతుంది, జాగ్రత్త. కోడ్ చెరిపేసి నడుపు. కోడ్ పి0303 అయితే కాయిలే దొంగ. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్గులకు కూడా అదే మార్పు చేయి, నాలుగు ప్లగ్గులూ వరుసలో పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు.

పర్కాల_1200
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాదీ ఇలాంటిదే, కానీ నా లైటు పొద్దుటి నుంచీ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, పికప్ అసలు లేదు, పెట్రోల్ వాసన కూడా వస్తోంది. రేపు కరీంనగర్‌లో పెళ్లి ఉంది, పోయి వచ్చాక చూపిస్తే నడుస్తుందా?

జమ్మికుంట_స్పానర్
నడవదు. బండి బయటికి తీయకు. పెళ్లికి బస్సులో పో. మండని పెట్రోల్ కన్వర్టర్‌లో మండితే అది ఎర్రగా కాలుతుంది, కింద ఎండుగడ్డి ఉన్నచోట ఆపితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. తిరిగి వచ్చాక కొత్త థ్రెడ్ పెట్టు, అక్కడ మాట్లాడదాం.

కాజీపేట_పోరడు
అన్నా, ఆదివారం పొద్దునంతా దీని మీదే కూర్చున్నాను. కాయిల్స్ మార్చాను, 20 కిలోమీటర్లు తిప్పాను, మళ్లీ పి0302నే. ప్లగ్గులు 2, 3 మార్చాను, అయినా పి0302నే. ఫొటో పెట్టాను చూడండి. 1, 3, 4 ప్లగ్గుల ముక్కు లేత గోధుమ రంగులో ఉంది, రెండోది మాత్రం తెల్లగా సున్నం రాసినట్టు ఉంది. గ్యాప్ కొలిస్తే అన్నీ 1.1 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. మూడో ప్లగ్గు గుంతలో కొంచెం ఇంజన్ ఆయిల్ ఉంది, అది చూసి భయమేసింది.

ఓరుగల్లు_స్టీరింగ్
మూడో గుంతలో ఆయిల్ ఉంటే అదే కారణం కావచ్చు కదా. లేకపోతే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్. లేదంటే ఈ ఇథనాల్ పెట్రోల్. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చినప్పటి నుంచి మా స్టాండ్‌లో పాత బండ్లన్నీ ఇలాగే ఏడుస్తున్నాయి.

జమ్మికుంట_స్పానర్
ఆయిల్ మూడో గుంతలో ఉంది, మిస్ అయ్యేది రెండోది, కాబట్టి అది వేరే సంగతి. హెడ్ కవర్ గ్యాస్‌కెట్, ప్లగ్ ట్యూబ్ సీళ్లు గట్టిపడితే అలా కారుతుంది, తర్వాత మార్చుకోవచ్చు, చిన్న ఖర్చు. తెల్ల ప్లగ్గు మాత్రం మాట్లాడుతోంది. ఆ సిలిండర్ లీన్‌గా నడుస్తోంది, పెట్రోల్ తక్కువ పడుతోంది లేదా గాలి ఎక్కువ పోతోంది.

ఇంజెక్టర్ కూడా ఇప్పుడే చూసేయొచ్చు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటే టిక్ టిక్ అని నాలుగూ ఒకేలా వినపడాలి, బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండు. మల్టీమీటర్ ఉంటే ఆపిన ఇంజన్ మీద కనెక్టర్ తీసి రెసిస్టెన్స్ చూడు, ఇలాంటి బండ్లలో 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి.

హెడ్ సంగతి తేలాలంటే కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే, అంటే ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో కొలవడం. చేయించేటప్పుడు దగ్గర నిలబడు. ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీయాలి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకాలి, కాయిల్ కనెక్టర్లన్నీ తీసి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా చేస్తే గాలి అందక తక్కువ చూపిస్తుంది, అది చూపించి హెడ్ దించేవాళ్లు ఉన్నారు. ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టమను, పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు.

సుబేదారి_మేడమ్
నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని, నాదీ ఇంచుమించు ఇదే వయసు పెట్రోల్ బండి, పోయినేడాది నేనే స్వయంగా ఒక వ్యాక్యూమ్ లీకు (ఇంజన్ గాలి పీల్చే దారిలో కన్నం) పట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ 300 రూపాయల స్కాన్ కోడ్ మాత్రమే చదువుతుంది. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, ఈఎల్ఎం 327 అంటారు, వెయ్యిలోపే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్‌తో లైవ్ డేటా కనిపిస్తుంది. అందులో రెండు అంకెలు చూడండి, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్.

సైలెన్సర్‌లోని ఆక్సిజన్ సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తే కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది, తక్కువ కనిపిస్తే తగ్గిస్తుంది. ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేదే ట్రిమ్. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో రెండూ కలిపి ప్లస్ మైనస్ 10 లోపు ఉంటాయి. ఐడ్లింగ్‌లో ఒకసారి, నిలబడే 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం పట్టుకుని ఇంకోసారి చూసి రాసుకోండి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) శూన్యం బలంగా ఉంటుంది, చిన్న కన్నం నుంచి కూడా గాలి లాగేస్తుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో ఆ దొంగ గాలి పెద్ద వాటా. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అసలు గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, కన్నం మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువుండి 2500లో పడిపోతే లీకు. దానికి ఉల్టా, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోల్ అందడం లేదన్నమాట, పంపో ఫిల్టరో. మీ బండి రోడ్డు మీద బాగా పోతోందని మొదటి పోస్టులోనే రాశారు, నాకు అప్పటి నుంచీ లీకు మీదే అనుమానం.

ఈ20 గురించి. ఇథనాల్‌లో దానికదే ఆక్సిజన్ ఉంటుంది. పూర్తిగా మండటానికి పెట్రోల్‌కు బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిస్తే మొత్తం మిశ్రమానికి 13.5 దగ్గర అవుతుంది. మామూలు పెట్రోల్‌కు ట్యూన్ చేసిన పాత బండిలో దీనివల్ల ట్రిమ్ ప్లస్ 8 దాకా పోవచ్చు, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజ్ కూడా కొంత తగ్గుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ అది ఐడ్లింగ్‌లోనూ 2500లోనూ ఒకేలా కనిపించాలి, నాలుగు సిలిండర్లకూ ఒకేలా తగలాలి. ఒక్క రెండో సిలిండర్‌నే ఎంచుకుని పట్టుకోదు.

ఓరుగల్లు_స్టీరింగ్
మేడమ్ ఈ లెక్క ఎవరూ ఇలా చెప్పలేదు. మా స్టాండ్‌లో చూపిస్తాను.

కాజీపేట_పోరడు
మూడు రోజులు పట్టింది, ఆలస్యానికి క్షమించండి. కంప్రెషన్ టెస్ట్ ఆటోనగర్‌లో చేయించాను, అన్న చెప్పినట్టే యాక్సిలరేటర్ నేనే తొక్కి పట్టాను. ఒకటి 176, రెండు 172, మూడు 178, నాలుగు 174 పీఎస్ఐ. ఇంజెక్టర్లు నాలుగూ 13 చిల్లర ఓమ్‌లు, శబ్దం ఒకేలా ఉంది.

అడాప్టర్ వచ్చింది. ఇంజన్ టెంపరేచర్ 90 వచ్చాక ఐడ్లింగ్‌లో షార్ట్ ప్లస్ 5, లాంగ్ ప్లస్ 18. 2500 దగ్గర షార్ట్ ప్లస్ 1, లాంగ్ ప్లస్ 6. నాలుగుసార్లు చూశాను, ఇంచుమించు అంతే.

జమ్మికుంట_స్పానర్
హెడ్ దించమన్నవాడికి ఆ నాలుగు అంకెలు చూపించు తమ్మీ. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 6 పీఎస్ఐ, 10, 15 శాతం తేడా వచ్చేదాకా భయపడక్కర్లేదు. నీ వాల్వులు, రింగులు బాగున్నాయి. నీ 25 వేలు నీ దగ్గరే ఉన్నాయి.

సుబేదారి_మేడమ్
23 నుంచి 7కు పడింది. లీకే. మిగిలిన ఆ 7లో ఎక్కువ భాగం ఈ20 అయి ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మిస్ అయిన సిలిండర్ నుంచి మండని గాలి అలాగే బయటికి పోతుంది కాబట్టి మిస్‌ఫైర్ ఉన్నా సెన్సార్‌కు లీన్‌గానే కనిపిస్తుంది, ట్రిమ్ తప్పుగా పెరుగుతుంది. మీ విషయంలో తెల్ల ప్లగ్గు కూడా ఉంది కాబట్టి నాకు ధైర్యంగా ఉంది. ఇంకో ప్రశ్న, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక గొట్టం మీద ఒక సెన్సార్ ఉందా? ఉంటే అది లోపలికొచ్చే గాలిని కొలుస్తుంది, దాని తర్వాత ఎక్కడ కన్నం పడ్డా ఆ గాలి లెక్కలోకి రాదు. అది లేకుండా మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే సెన్సార్ మాత్రమే ఉన్న బండ్లలో లీకు ఇంత స్పష్టంగా ట్రిమ్‌లో కనిపించదు, ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరుగుతుంది.

కాజీపేట_పోరడు
ఉంది మేడమ్, ఫిల్టర్ డబ్బా పక్కనే, ఐదు వైర్ల కనెక్టర్.

బ్రేక్ బూస్టర్ పైపు పట్టకారుతో నొక్కి చూశాను, మార్పు లేదు. పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు పంపేది) మీద చిన్న పగుళ్లు కనిపిస్తే 180 పెట్టి మార్చాను, ట్రిమ్‌లో ఒకటో రెండో తగ్గింది, వణుకు అలాగే ఉంది.

నర్సంపేట_పత్తి
బిడ్డా, ఊదుబత్తి వెలిగించి ఇంజన్ చుట్టూ తిప్పి చూడు. ఎక్కడ కన్నం ఉంటే అక్కడికి పొగ లాగుతుంది. మా మోటారు పంపు ఎయిర్ లీకు అలాగే పట్టుకున్నాం.

జమ్మికుంట_స్పానర్
కాకా, పంపు సెట్టుకు సరే, పెట్రోల్ ఇంజన్ దగ్గర నిప్పు రవ్వ వద్దే వద్దు. ఇంజెక్టర్ సీలు దగ్గర చిన్న చెమ్మ ఉన్నా అంటుకుంటుంది. కార్బ్ క్లీనర్ కొట్టి చూడమని కొందరు చెబుతారు, అదీ మండేదే, వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది, నా కళ్లతో చూశాను. తమ్మీ, ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే బాటిల్ తీసుకో. వైర్లు, కాయిల్స్ మీద పడకుండా మానిఫోల్డ్ అతుకుల దగ్గర ఒక్కో చోట ఒక్కో చుక్క కొట్టు. కన్నం మీద నీళ్లు పడగానే క్షణం సేపు మూసుకుపోతుంది, ఇంజన్ శబ్దం మారుతుంది. ఫోన్‌లో ట్రిమ్ చూస్తూ చెయ్యి.

నర్సంపేట_పత్తి
నిప్పు మాట నిజమే, వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో మాట అడుగుతా. ఆ బండికి ఇంతకు ముందు గ్యాస్ కిట్ ఉండేదా? మా అల్లుడు ఒక పాత బండి కొన్నాడు, అమ్మినాయన కిట్ పీకేసి, గ్యాస్ సిలిండర్ వేరేగా అమ్ముకుని, పెట్రోల్ బండి అని ఇచ్చాడు. వాళ్లు కిట్ పెట్టినప్పుడు ఇంజన్ గొట్టాలకు కన్నాలు పెట్టారట, తీసేటప్పుడు ఏదో పూసి వదిలేశారు. డిక్కీలో స్టెప్నీ పక్కన మ్యాట్ ఎత్తి చూడు, నాలుగు బోల్టు కన్నాలు ఉంటే కిట్ ఉన్నట్టే.

జమ్మికుంట_స్పానర్
కాకా, ఇది నేను మొదటే అడగాల్సిన ప్రశ్న. సీక్వెన్షియల్ గ్యాస్ కిట్ పెడితే మానిఫోల్డ్‌లో ప్రతి సిలిండర్ గొట్టానికి ఒక కన్నం డ్రిల్ చేసి గ్యాస్ నాజిల్ బిగిస్తారు, నాలుగు సిలిండర్లకు నాలుగు. తీసేసినప్పుడు వాటిని సరిగ్గా మూయకపోతే ఆ లీకు ఒక్క సిలిండర్‌కే తగులుతుంది. మామూలు వ్యాక్యూమ్ పైపు పగిలితే గాలి నాలుగు సిలిండర్లకూ పంచుకుంటుంది, అందుకే ఒక్క రెండో సిలిండర్ ఎందుకన్నది నాకు రెండు రోజులుగా మింగుడు పడలేదు. ఆర్‌సీలో ఫ్యూయల్ ఏమని ఉంది?

కాజీపేట_పోరడు
ఇప్పుడే కిందికి పోయి టార్చ్ వేసి చూసి వచ్చాను, చేతులు వణుకుతున్నాయి. డిక్కీ మ్యాట్ కింద నాలుగు కన్నాలున్నాయి, లోపలి నుంచి నల్ల టేపు అంటించారు. స్టీరింగ్ కింద ఎడమ పక్క ప్యానెల్‌లో ఒక రూపాయి బిళ్ళంత చతురస్రం కోసి ప్లాస్టిక్ ముక్కతో మూశారు, అది గ్యాస్ స్విచ్ ఉండే చోటు అనుకుంటా. ఆర్‌సీలో, బండి వివరాలు చూపే యాప్‌లో రెండు చోట్లా పెట్రోల్ అనే ఉంది. కిట్ సంగతి అమ్మినాయన ఒక్క మాట చెప్పలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నాకు చాలా బాధగా ఉంది, మా నాన్న కూర్చునే బండి ఇది.

సుబేదారి_మేడమ్
బాధ అర్థమవుతోంది. ఒక మంచి సంగతి కూడా చూడండి, ఆర్‌సీలో పెట్రోల్ అని ఉంది, బండిలో ఇప్పుడు కిట్ లేదు, కాగితానికీ బండికీ తేడా లేదు కాబట్టి ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాదంటారన్న చిక్కు మీకు ఉండదు. కిట్ పెట్టి ఆర్‌సీలో ఎక్కించకుండా తిరిగినవాళ్లకే ఆ ప్రమాదం. డిక్కీ కన్నాలు మాత్రం రబ్బరు గ్రోమెట్లతో మూయించండి, వానాకాలం నీళ్లొస్తాయి, సైలెన్సర్ పొగ కూడా లోపలికి లాగుతుంది. నాన్నగారు ఉంటారు కాబట్టి అది ఆలస్యం చేయకండి.

కాజీపేట_పోరడు
దొరికింది. దొరికింది అన్నా!

పొద్దున ఆరింటికి, ఇంజన్ పూర్తి చల్లగా ఉండగా స్టార్ట్ చేసి నీళ్ల బాటిల్‌తో మొదలుపెట్టాను. మానిఫోల్డ్ కింది వైపు, హెడ్‌కు దగ్గరగా, చెయ్యి పెడితే తప్ప కనపడని చోట నాలుగు ముద్దలున్నాయి, నీళ్ల ట్యాంకు లీకులకు పూసే ఎపాక్సీ ముద్ద లాంటిది, మీద నల్ల రంగు కొట్టారు. ఒకటో దాని మీద కొట్టాను, ఏమీ లేదు. రెండో దాని మీద కొట్టగానే సుర్రుమని నీళ్లు లోపలికి లాగేసింది, ఇంజన్ ఒక్క సెకను నిశ్శబ్దంగా నిలబడింది, మళ్లీ వణుకు. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అంతే. చిన్న అద్దం పెట్టి చూస్తే ఆ ముద్ద చుట్టూ వెంట్రుక వాసి పగులు ఉంది. నెలన్నర నుంచి నేను నిద్రపోని కారణం ఆ పగులు. ఫొటో పెట్టాను.

వేడెక్కితే ఎందుకు తగ్గుతోంది అన్నా?

జమ్మికుంట_స్పానర్
శభాష్ తమ్మీ. రెండు కారణాలు. మానిఫోల్డ్ ప్లాస్టిక్, ముద్ద వేరే పదార్థం, వేడికి వ్యాకోచించి పగులు కొంత మూసుకుంటుంది. ఇంకోటి, చల్లటి ఇంజన్‌కు మిశ్రమం చిక్కగా కావాలి, పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అప్పుడు కొంచెం గాలి ఎక్కువైనా మండదు. స్టార్ట్ చేసిన కొత్తలో ఆక్సిజన్ సెన్సార్ కూడా పనిలోకి రాదు కాబట్టి కంప్యూటర్ సరిదిద్దలేదు.

ఆ ముద్ద మీద ఇంకో ముద్ద పూయకు. అది ఊడి లోపలికి పోతే వాల్వు కింద పడుతుంది, అప్పుడు నిజంగానే హెడ్ దించాలి. అల్యూమినియం మానిఫోల్డ్ అయితే విప్పి కన్నాలకు మరలు కోసి బోల్టులు బిగించమనేవాణ్ని, నీది ప్లాస్టిక్, వదిలేయి. సెకండ్ హ్యాండ్ మానిఫోల్డ్ వెతుకు, పార్ట్ నంబరు ఫొటో తీసి పంపితే హైదరాబాద్‌లో పాత విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది. గ్యాస్‌కెట్ మాత్రం కొత్తది వేయాలి. విప్పినప్పుడు హెడ్ వైపు కన్నాలకు శుభ్రమైన గుడ్డ కుక్కు, తిరిగి బిగించే ముందు నాలుగు గుడ్డలూ లెక్కపెట్టి బయటికి తీయి. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతల్లో బిగించాలి.

గ్యాస్ మీద నడిచిన ఇంజన్ కాబట్టి వాల్వు క్లియరెన్స్ (వాల్వు పైన ఉండాల్సిన చిన్న సందు) కూడా చూపించు. గ్యాస్ మీద ఎక్కువ కాలం నడిస్తే వాల్వు సీట్లు అరిగి క్లియరెన్స్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ బయటికి పోయే వైపు ముఖ్యంగా. నీ కంప్రెషన్ బాగుంది కాబట్టి తొందర లేదు, కానీ హెడ్ కవర్ గ్యాస్‌కెట్ మార్చేటప్పుడు ఎలాగూ కవర్ తీస్తారు, అప్పుడే కొలిపించు.

ఓరుగల్లు_స్టీరింగ్
తమ్ముడూ, నేను మొదట చెప్పినట్టు చేసి ఉంటే నీ పది వేలు వృథా అయ్యేవి. నా మాట తప్పు. ఇకమీద ఎవరడిగినా ముందు కోడ్ అడుగుతా, కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూడమంటా.

పర్కాల_1200
నా సంగతి కూడా చెప్పాలి. బస్సులోనే పెళ్లికి పోయాను. నాలుగో కాయిల్ పూర్తిగా పోయింది, మూడో దాంట్లో పెట్టగానే కోడ్ పి0303కి మారింది. ఒక్క కాయిల్ 2,100తో అయిపోయింది. కానీ కింద ఎక్కడో గలగల శబ్దం ఉంది, కన్వర్టర్ లోపల ముక్కలైందేమో అంటున్నారు. అంతకు ముందు రెండు వారాలు వణుకుతోనే తిప్పాను కదా.

జమ్మికుంట_స్పానర్
చల్లారాక కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టించు, లోపల గలగలమంటే అదే. పైన రేకు కవచం బోల్టు ఊడినా అలాంటి శబ్దమే వస్తుంది, ముందు అది చూడు, పది రూపాయల క్లిప్పుతో పోవచ్చు.

కాజీపేట_పోరడు
బండి బాగైంది. మానిఫోల్డ్ హైదరాబాద్ నుంచి బస్ పార్సిల్‌లో వచ్చింది, 3,200. గ్యాస్‌కెట్, హెడ్ కవర్ గ్యాస్‌కెట్, ప్లగ్ ట్యూబ్ సీళ్లు కలిపి 1,450. కూలి 1,800. పాత మానిఫోల్డ్ తిప్పి చూస్తే రెండో ముద్ద వేలితో నొక్కగానే కదిలింది, ఇంకో నెల అయితే ఊడి లోపలికి పోయేదే. ఇన్‌టేక్ క్లియరెన్స్‌లు లెక్కలోనే ఉన్నాయి, ఎగ్జాస్ట్‌లో రెండు మాత్రం తక్కువ వైపు అంచున ఉన్నాయి, పదివేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూద్దామన్నారు.

ఈ పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే స్టార్ట్ అయిందో లేదో మీటర్ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. వేడెక్కాక ఐడ్లింగ్ 750, ముల్లు కదలడం లేదు. ట్రిమ్ రెండూ కలిపి ప్లస్ 6, 2500లో ప్లస్ 5. మేడమ్ చెప్పినట్టే ఇథనాల్ లెక్క ఇప్పుడు రెండు చోట్లా ఒకేలా కనిపిస్తోంది. డిక్కీ కన్నాలకు గ్రోమెట్లు పెట్టించాను.

ఏసీ వేసినప్పుడు కొంచెం అదురు మిగిలింది, కానీ కోడ్ ఏమీ లేదు, మిస్‌ఫైర్ లెక్క కూడా సున్నా.

జమ్మికుంట_స్పానర్
అది ఇంజన్ మౌంటింగ్ తమ్మీ. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి, గేర్ వేసి, క్లచ్ కొంచెం వదిలినప్పుడు ఇంజన్ ఎంత ఎగురుతుందో పక్కన ఒకరిని నిలబెట్టి చూడమను, ముందు మాత్రం ఎవరూ ఉండకూడదు. కుడి వైపు మౌంటింగ్ రబ్బరు పగిలి ఉంటుంది. నెల జీతం వచ్చాక మార్చు, దానితో బండికి ప్రమాదం లేదు.

నర్సంపేట_పత్తి
నాన్నను జాగ్రత్తగా తీసుకపో బిడ్డా. ఆ పాత మానిఫోల్డ్ పారేయకు, అమ్మినాయన ఫోన్ ఎత్తిన రోజు చూపించడానికి ఉంటుంది.

కాజీపేట_పోరడు
దాచాను కాకా. గురువారం పొద్దున ఐదింటికి నాన్నతో బయలుదేరుతున్నాం. పోయి వచ్చాక మైలేజ్ ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.